అప్‌డేట్: పిలిస్తే పలకని 20 నెలల బాబు

పిలిస్తే తిరగడు, వేలితో ఏదీ చూపించడు, ఆటిజమా అని అడిగాను కదా. ముందు బెరా (శబ్దానికి మెదడు స్పందనను బట్టి వినికిడి చూసే పరీక్ష) చేయించారు, వినికిడి బాగానే ఉంది. తర్వాత ఎం-చాట్-ఆర్, అంటే ఆటిజం రిస్కు చూడటానికి తల్లిదండ్రులు నింపే ప్రశ్నాపత్రం: 16–30 నెలల పిల్లలకు, 20 ప్రశ్నలు. 0–2 పాయింట్లు వస్తే రిస్కు తక్కువ. 3–7 వస్తే పాయింటు పడిన ప్రశ్నలే వివరంగా మళ్లీ అడుగుతారు, అప్పటికీ 2, ఆపైన మిగిలితే పాజిటివే. 8, ఆపైన అయితే నేరుగా పూర్తి పరీక్షకే. మావాడికి 6, మళ్లీ అడిగాక 4.

ఇంట్లో నింపేవాళ్లు తికమకపడేది 2, 5, 12 ప్రశ్నల దగ్గర. వాటికి మాత్రం ‘అవును’ అంటేనే పాయింటు, మిగతావాటికి ‘కాదు’ అంటే. మన చెయ్యి పట్టుకెళ్లి బిస్కెట్ డబ్బా మీద పెట్టడం, చూపించడం కిందికి రాదు. విమానాన్ని వేలితో చూపి, మన మొహంలోకి చూస్తున్నాడా అన్నదే అసలు సంగతి. ఇది స్క్రీనింగే, నిర్ధారణ కాదు. అయినా థెరపీ ఇప్పుడే మొదలెట్టమన్నారు, డీఈఐసీలో (పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే జిల్లా ప్రభుత్వ కేంద్రం) ఉచితం. ‘మగపిల్లాడు, మాటలు ఆలస్యమేలే’ అనే పెద్దవాళ్లకి ఏం చెప్పాలో మాత్రం ఇంకా తేలలేదు.