రగ్బీయా, ఫుట్‌బాలా: ఆడడానికి ఏది, చూడడానికి ఏది?

ప్రశ్న:
మేము ఆక్లాండ్‌లో స్థిరపడ్డాము. పదకొండేళ్ల మా అబ్బాయి శీతాకాలపు ఆటగా రగ్బీ, ఫుట్‌బాల్‌లలో ఒకదాన్ని ఎంచుకోవలసి ఉంది. ఆడేవారికీ చూసేవారికీ వీటి మధ్య తేడా ఏమిటో తెలిసినవారు దయచేసి వివరించగలరా?

జవాబు 1:
రగ్బీలో అన్ని రకాల శరీరాకృతులకూ చోటుంది. స్క్రమ్ (రెండు జట్లూ తలలు వంచి ఎదురెదురుగా తోసుకునే ఘట్టం) ముందు వరుసలో తోసే బరువైన పిల్లవాడూ, అంచు వెంట పరుగెత్తే బక్కపలచని పిల్లవాడూ జట్టుకు సమానంగా అవసరమే. అయితే బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో మాత్రమే అందించాలి కాబట్టి, ముందుకు సాగాలంటే ఎవరో ఒకరు ఎదుటి జట్టు మీదికి దూసుకుపోక తప్పదు. తలకు దెబ్బ తగిలే ప్రమాదం అక్కడే ఉంది. టాకిల్‌లో (బంతితో వచ్చేవాణ్ణి పట్టి పడగొట్టేటప్పుడు) తల ఎటువైపు ఉంచాలో ఓపికగా నేర్పే శిక్షకుడు ఉంటేనే చేర్పించండి.

జవాబు 2:
చూడడానికి మాత్రం ఫుట్‌బాలే హాయి. ఆఫ్‌సైడ్ (ఎదుటి గోల్ దగ్గర ముందుగానే కాచుకుని బంతి అందుకోకూడదన్న నియమం) ఒక్కటి అర్థమైతే మిగిలిన ఆటంతా కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. రగ్బీలో రక్ (నేల మీది బంతి కోసం ఇరుజట్లూ దాని మీదుగా తోసుకునే గుంపు) దగ్గర విజిల్ ఎందుకు మోగిందో పాత ప్రేక్షకులకు కూడా ఒక్కోసారి అంతుపట్టదు.

జవాబు 3:
రిఫరీ మైకు టీవీలో వినిపిస్తుంది కనుక ఆ ఇబ్బంది కొంత తీరుతుందండీ. 2023 రగ్బీ ప్రపంచకప్ ఫైనల్ చూడండి: మ్యాచ్‌లోని ఏకైక ట్రై (బంతిని ఎదుటి జట్టు గోల్ గీత అవతల నేలకు ఆనించడం) న్యూజిలాండ్‌దే అయినా, నాలుగు పెనాల్టీ కిక్‌లతో దక్షిణాఫ్రికా 12-11 తేడాతో గెలిచింది. రెడ్ కార్డు వల్ల న్యూజిలాండ్ చాలాసేపు పద్నాలుగు మందితోనే పోరాడింది. అంతటి ఉత్కంఠ గోల్ లేని తొంభై నిమిషాల ఫుట్‌బాల్‌లో నాకెప్పుడూ దొరకలేదు.