హైస్కూల్లో విదేశీ భాష: ఏది తీసుకోవాలి, ఎలా నేర్చుకోవాలి? మీ అనుభవాలు చెప్పండి

తూనీగ
మా పాప ఎనిమిదో తరగతిలోకి వచ్చింది. స్కూల్లో ఫ్రెంచ్, జర్మన్, జపనీస్‌లలో ఒకటి తీసుకోవాలి, వారానికి మూడు పీరియడ్లు. తెలిసినవాళ్ళంతా ఫ్రెంచ్ స్కోరింగ్ అంటున్నారు. పాపకేమో జపనీస్ మీద మనసు. మార్కుల గురించి నాకు పెద్దగా టెన్షన్ లేదు. మూడేళ్ళు చదివి, మంచి గ్రేడు తెచ్చుకుని, ఆ భాషలో ఎవరైనా పలకరిస్తే నోరు విప్పలేని పిల్లల్ని చూశాను. నా బెంగంతా అదే. హైస్కూల్లో మొదలుపెట్టి నిజంగా భాష వచ్చినవాళ్ళు ఉంటే, ఏం చేశారో కాస్త వివరంగా చెప్పండి.

నిదానం
తూనీగ గారూ, ముందు గంటల లెక్క చూడండి, సగం బెంగ తీరుతుంది. అమెరికా విదేశాంగ శాఖకి తన దౌత్యవేత్తలకు భాషలు నేర్పే సంస్థ ఒకటి ఉంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న పెద్దవాళ్ళు ఫ్రెంచ్‌లోగానీ స్పానిష్‌లోగానీ ఉద్యోగానికి సరిపడా పట్టు సాధించాలంటే 600 నుంచి 750 క్లాసు గంటలు పడుతుందని వాళ్ళ అంచనా. జర్మన్‌కి 900 దాకా. జపనీస్, చైనీస్, కొరియన్, అరబిక్‌లకైతే 2200.

ఇప్పుడు పాప సంగతి. 40 నిమిషాల పీరియడ్లు మూడంటే వారానికి రెండు గంటలు. ఏడాదికి 40 వారాలు వేసుకున్నా 80 గంటలు, మూడేళ్ళకి 240. అందులో సెలవులు, పరీక్షలు, రివిజన్లు పోతాయి. అందుకని ఆ పిల్లలు మాట్లాడలేకపోవడం వాళ్ళ తప్పు కాదు. భాష మీద పట్టుని కొలవడానికి యూరప్‌లో ఏ1 నుంచి సీ2 దాకా స్థాయిలు ఉన్నాయి. స్కూలు చదువుతో వాటిలో ఏ2 దాకా వస్తే అది మంచి ఫలితమే. తన గురించి, ఇంటి గురించి, రోజువారీ పనుల గురించి చిన్న వాక్యాల్లో చెప్పగలగడం ఏ2 అంటే. అంతకుమించి కావాలంటే ఆ గంటలు స్కూలు బయట వెతుక్కోవాల్సిందే.

గువ్వ
నేను హైస్కూల్లో ఫ్రెంచ్ చదివాను, ఇప్పుడు ఉద్యోగంలో రోజూ వాడుతున్నాను. స్కోరింగ్ అన్న మాట వింటేనే నాకు కోపం వస్తుంది. ఆ మాట విని చేరిన పిల్లలు మొదటిరోజు నుంచే గైడు పట్టుకుని కూర్చుంటారు. భాష చెవిన పడదు.

ఫ్రెంచ్‌లో అసలు కష్టం చెవికే. మాట్లాడటం అనే క్రియ తీసుకోండి. నేను, నువ్వు, అతను, వాళ్ళు అని నాలుగు రూపాలు రాస్తే మూడు రకాల స్పెల్లింగులు వస్తాయి. పలికేటప్పుడు మాత్రం నాలుగూ ఒకటే, 'పార్ల్'. చివరి అక్షరాలు కాగితం మీదే ఉండిపోతాయి, నోట్లోకి రావు. ఈ క్రియారూపాల టేబుల్ బట్టీపట్టిన పిల్ల దాన్ని తప్పు లేకుండా రాసేస్తుంది. ఎవరైనా మామూలు వేగంతో మాట్లాడితే ఏ మాట ఎక్కడ ఆగిందో, ఏది ఎక్కడ మొదలైందో తెలియక బిత్తరపోతుంది.

మా టీచరమ్మ డిక్టేషన్ ఇచ్చేవారు. నాలుగైదు వాక్యాల పేరా. మొదటిసారి చదివేటప్పుడు పెన్ను ముట్టుకోకూడదు, వినడమే. రెండోసారి ముక్కలు ముక్కలుగా చదివితే రాయాలి. మూడోసారి ఆపకుండా చదువుతారు, దిద్దుకోవాలి. ఆ తర్వాత మా తప్పుల్ని బోర్డు మీద రెండు వరసలుగా విడగొట్టేవారు. చెవి పట్టుకోలేనివి ఒక వరస, వినపడినా వ్యాకరణం తెలియక తప్పు రాసినవి ఇంకో వరస. ఎవరికి ఏది లోపమో అక్కడే తెలిసిపోయేది. ఇంట్లో చదువుకునేవాళ్ళు కూడా ఇది చేసుకోవచ్చు, పాఠం ఆడియో ఉంటే చాలు.

కొండపిల్లి
పాపకి ఇష్టమున్నది తీసుకోనివ్వండి. ఇష్టం లేని భాషని మూడేళ్ళు లాగడం నరకం. అంతకంటే చెప్పడానికేం లేదు.

సాకురా_చెట్టు
నిదానం గారు చెప్పిన 2200 చూసి భయపడకండి మేడం. ఆ లెక్క ఇంగ్లీషు మాత్రమే తెలిసి మొదలుపెట్టినవాళ్ళది. నేను తొమ్మిదో తరగతిలో జపనీస్ మొదలుపెట్టాను. వాక్యం కట్టడం నాకు కష్టమే అనిపించలేదు. 'వతాషి వ గక్కో ని ఇకిమాస్' అంటే నేను స్కూలుకి వెళ్తాను. వరస చూడండి, ఎక్కడి మాట అక్కడే ఉంది. 'గక్కో' అంటే స్కూలు, దాని వెనకే 'ని', మన 'కి' లాగా. క్రియ చివర్న. తెలుగులో ఆలోచించి అదే వరసలో చెప్పేయొచ్చు. ఇంగ్లీషు మీదుగా వెళ్తే మాత్రం తలకిందులవుతుంది. మా క్లాసులో చాలామంది అలాగే ఇబ్బందిపడ్డారు.

కష్టమంతా రాతలో ఉంది. పలికే శబ్దాల్ని రాసే లిపులు రెండు, హిరగాన 46, కతకాన 46 మూల అక్షరాలు. రోజూ రాస్తే ఇవి త్వరగానే వచ్చేస్తాయి. తర్వాత కంజి, అంటే చైనా నుంచి వచ్చిన, అర్థాన్ని సూచించే గుర్తులు. జపాన్ ప్రభుత్వం రోజువారీ వాడకానికి ఖరారు చేసిన జాబితాలోనే 2136 ఉన్నాయి. హైస్కూల్లో వాటిలో కొన్నే వస్తాయి, అది మామూలే.

ఇంకో సంగతి. జపనీస్ ఎంత వచ్చో చూసి సర్టిఫికెట్ ఇచ్చే జేఎల్‌పీటీ పరీక్షలో మాట్లాడే విభాగం లేదు, సొంతంగా రాసేదీ లేదు, అంతా ఇచ్చిన జవాబుల్లోంచి ఎంచుకోవడమే. అందులో అన్నిటికంటే కింది స్థాయి ఎన్5 పాసై నాలుగు మాటలు మాట్లాడలేనివాళ్ళు ఉన్నారు. సర్టిఫికెట్ చూసి భాష వచ్చేసిందనుకోకండి.

జర్మన్_టీచర్
హైస్కూల్ పిల్లలకి చాలా ఏళ్ళుగా జర్మన్ చెప్తున్నాను. తూనీగ గారూ, భాష ఎంచుకునే ముందు స్కూలుకి వెళ్ళి మూడు విషయాలు కనుక్కోండి. టీచరు క్లాసులో ఆ భాషలో మాట్లాడతారా? పిల్లల చేత మాట్లాడించి దానికి మార్కులు వేస్తారా? ఎనిమిదిలో మొదలైన భాష పదో తరగతి దాకా ఆగకుండా ఉంటుందా? మూడోది ఎవరూ అడగరు. టీచరు మానేసి, ఏడాది మధ్యలో సబ్జెక్టే ఆగిపోయి, పిల్లలు మళ్ళీ అక్షరాల నుంచి ఇంకో భాష మొదలుపెట్టడం చూశాను. ఆ పిల్లల మొహాలు చూస్తే కడుపు తరుక్కుపోయింది. మంచి టీచరు ఆగకుండా మూడేళ్ళు చెప్పే భాష ఏదైతే అదే మంచి భాష అంటాను నేను.

జర్మన్ గురించి అడిగారు కాబట్టి చెప్తాను. బల్ల పుంలింగం, దీపం స్త్రీలింగం, పుస్తకం నపుంసకం. అర్థాన్ని బట్టి ఊహించడానికి లేదు. అందుకని మొదటిరోజు నుంచే మాటని ఒంటరిగా రాయనివ్వను. లింగాన్ని చూపించే డేర్, డీ, దాస్‌తో కలిపి, మూడింటికీ మూడు రంగుల పెన్నులతో రాయిస్తాను, పైకి అనిపిస్తాను. తర్వాత కలుపుకుందాంలే అనుకున్న పిల్లలు పదిలో చేతులెత్తేస్తారు. విభక్తుల దగ్గర మాత్రం తెలుగు పిల్లలకి సుఖం. కుక్క వచ్చింది, కుక్కని చూశాను. ఆ 'ని' ఎందుకొచ్చిందో వాళ్ళకి ఒకరు చెప్పాలా? కుక్క అనే 'డేర్ హుంట్' కాస్తా 'డేన్ హుంట్' అవుతుందంటే వెంటనే పట్టేస్తారు.

తొమ్మిది_బి
నేను ఇప్పుడు ఫ్రెంచ్ రెండో ఏడాది. గువ్వ అక్కా, మాకు డిక్టేషన్ లేదు, క్వశ్చన్ ఆన్సర్లు బట్టీ పట్టిస్తారు. మాటలు గుర్తుండటానికి నేను అట్టపెట్టె వాడతాను. 1972లో సెబాస్టియన్ లైట్నర్ చెప్పిన పద్ధతి అది. పెట్టెలో అయిదు అరలు. చీటీకి ఒకవైపు తెలుగు, ఇంకోవైపు ఫ్రెంచ్. జవాబు చెప్తే చీటీ తర్వాతి అరలోకి, తప్పితే మళ్ళీ మొదటి అరలోకి. మొదటి అర రోజూ చూస్తాను, వెనక అరలు ఇంకా అరుదుగా. దీంతో యూనిట్ టెస్టులకి ముందురాత్రి కూర్చునే అవసరం తప్పింది. కానీ మాట్లాడటం ఎలా? మా ఇంట్లో ఫ్రెంచ్ ఎవరికీ రాదు.

తూనీగ
ఇదే నా ప్రశ్న కూడా. ఇంట్లో ఆ భాష రాని మాలాంటివాళ్ళం ఏం చేయగలం టీచర్ గారూ? ట్యూషన్ పెట్టించాలా?

జర్మన్_టీచర్
మొదటి ఏడాది ట్యూషన్ అక్కర్లేదండి. పాఠం ఆడియోలో రెండు వాక్యాలు తీసుకుని పాపని వినమనండి. తర్వాత ఆడియోతోపాటే, దాని వేగంతోనే పైకి చెప్పమనండి. మూడోసారి ఆడియో ఆపి, తను ఒక్కతే చెప్తూ ఫోన్లో రికార్డు చేసుకోవాలి. రెండూ పక్కపక్కన వినిపించుకుంటే తేడా తనకే తెలుస్తుంది. మీకు భాష రాకపోయినా ఎక్కడ ఆగిందో, ఎక్కడ తడబడిందో మీ చెవికీ తెలుస్తుంది. మీరు పక్కన కూర్చుంటే చాలు, దిద్దాల్సిన పని లేదు. మధ్యలో ఆపి తప్పని చెప్పొద్దు, ఆ వయసులో సిగ్గు ఎక్కువ, ఒకసారి ముడుచుకున్నారంటే మళ్ళీ నోరు తెరవరు.

తొమ్మిది_బి అమ్మాయ్, నువ్వు చీటీల మీద ఒక్క మాట బదులు చిన్న వాక్యం రాయి. పైకి చెప్తేనే చీటీ ముందుకు జరగాలి, మనసులో అనుకుంటే జరపొద్దు.

గువ్వ
ఫ్రెంచ్ తీసుకున్న పిల్లలకి ఇంకో మాట. ఫ్రెంచ్ ప్రభుత్వం సర్టిఫికెట్ ఇచ్చే డెల్ఫ్ పరీక్ష స్కూలు పిల్లల కోసం విడిగా ఉంది. వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం, ఒక్కోదానికి 25 మార్కులు. మొత్తం 50 వస్తే పాస్, కానీ ఏ విభాగంలోనైనా 5 కంటే తక్కువొస్తే ఫెయిల్. అంటే నోరు మూసుకుని గట్టెక్కడానికి వీల్లేదు. స్కూల్లో మాట్లాడే పరీక్ష లేకపోతే ఏ1 రాయించండి. తారీఖు దగ్గరపడేసరికి పిల్లలు వాళ్ళంతట వాళ్ళే అద్దం ముందు నిలబడి ప్రాక్టీసు చేస్తారు.