సూసైడ్ హెల్ప్‌లైన్‌లో వలంటీరుగా చేరాలనుంది, సైకాలజీ చదవకపోయినా పనికొస్తామా?

చింతచిగురు:
నమస్తే అండి. ఉండేది సికింద్రాబాద్, చేసేది అకౌంట్స్ పని. శని, ఆదివారాలు ఖాళీ. 14416కి వలంటీరుగా అప్లై చేయొచ్చా? ఫోన్లో ఎవరైనా చచ్చిపోతానంటే ఏం చెప్పాలి? పొరపాటున మాట జారితే? అది కాకుండా ఆసుపత్రుల్లో చేసే పని ఏమైనా ఉంటుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

గోదారిగట్టు:
14416 అంటే టెలి మానస్. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ సర్వీసు. అక్కడ ఫోనెత్తేది జీతం మీద పనిచేసే కౌన్సెలర్లు. మీరు వెతకాల్సింది వలంటీర్లతో నడిచే సంస్థల్ని: మీ ఊళ్లోనే రోష్ని ఉంది, చెన్నైలో 1986 నుంచి స్నేహ ఉంది. డిగ్రీ అడ్డు కాదు. ఇంటర్వ్యూ, ట్రైనింగు, ఉత్తుత్తి కాల్స్‌తో ప్రాక్టీసు, ఆ తర్వాత కొన్ని షిఫ్టులు పాతవాళ్ల పక్కన కూర్చుని వినడం. మీ ఇంట్లో ఈ మధ్యే ఎవరైనా పోయుంటే కొన్నాళ్లు ఆగమంటారు. అది రిజెక్ట్ చేయడం కాదు, నొచ్చుకోకండి.

ఇక అసలు విషయం. అవతలివాళ్లు చావు మాట ఎత్తకపోయినా మీరే అడగాలి. ఇక్కడే మనవాళ్లకు నోరు రాదు. ‘పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా?’ అంటారు. అలా అడిగాక ఎవరైనా ‘లేవండి’ అనక ఏమంటారు? ‘ఏమైనా చేసుకుందామనుకుంటున్నారా’ కూడా నాన్చుడే. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని మామూలు గొంతుతో అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఇన్నాళ్లూ ఎవరితోనూ అనలేని మాట మీరే అనేసరికి చాలామందికి ఊపిరి తిరుగుతుంది.

అవునంటే వరసగా: ఎప్పుడనుకుంటున్నారు, ఎలాగో అనుకున్నారా, అది ఇప్పుడు దగ్గర్లో ఉందా, ఇంట్లో ఇంకెవరున్నారు, ఇదివరకు ప్రయత్నించారా. పల్లెల నుంచి వచ్చే కాల్స్‌లో పురుగుమందు చాలాసార్లు ఇంట్లోనే ఉంటుంది. ‘ఆ డబ్బా పక్కింట్లో ఇచ్చి రండి, నేను లైన్లోనే ఉంటా’ అనడం గంటసేపు ధైర్యం చెప్పడం కన్నా ఎక్కువ పనిచేస్తుంది. చచ్చిపోవాలన్న ఆ ఉధృతి చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది, మధ్యలో దూరం పెడితే తగ్గే వ్యవధి దొరుకుతుంది. అప్పటికే మింగేశామంటే కబుర్లు ఆపండి. అడ్రసు కనుక్కోవడం, 108కి చెప్పడం, పక్కనున్నవాళ్లకు ఫోన్ ఇప్పించడం.

మినపసున్ని:
పైన చెప్పినవాటికి ఒకటి కలుపుతాను. కాల్ చెడేది తప్పు మాట వల్ల కాదు, తొందర వల్ల. ‘అన్నీ సర్దుకుంటాయి’, ‘పిల్లల మొహం చూసైనా బతకాలి’, ‘మీకేం తక్కువ?’ లాంటివి మన నాలుక మీద సిద్ధంగా ఉంటాయి. ఇంట్లోవాళ్లు ఇవన్నీ అప్పటికే అనేసి ఉంటారు. మీరూ అదే అంటే ‘సరేనండి, థాంక్స్’ అని పెట్టేస్తారు. అలా మర్యాదగా ముగిసిన కాల్‌నే ఎక్కువ అనుమానించాలి.

రెండోది, మనవాళ్లు డిప్రెషన్ అని చెప్పరు. గుండె దడ, తల బరువు, ఒళ్లంతా మంటలు, నిద్ర లేదు అంటారు. గ్యాస్ ట్రబుల్ అనుకుని వదిలేయకండి, ‘ఎన్నాళ్ల నుంచి? అప్పుడు ఇంట్లో ఏం జరిగింది?’ అని అడగండి. డాక్టరుకి చూపించమనడం తప్పు కాదు, మొదటి నిమిషంలోనే అనడం తప్పు.

వరసలు కలపడం మాత్రం వద్దు. ‘తల్లీ’, ‘బాబూ’ అనగానే మీరు పెద్దవాళ్లయిపోతారు, పెద్దవాళ్ల దగ్గర దాచేవి దాస్తారు. పదహారేళ్ల పిల్లాడినైనా ‘మీరు’ అనే అనండి.

గోదారిగట్టు:
వరసల సంగతిలో నేను పూర్తిగా ఒప్పుకోను. అరవై దాటిన పల్లెటూరి మనిషిని ‘మీరు చెప్పండి మేడమ్’ అంటే ఆమె బ్యాంకుకి ఫోన్ చేసినట్టు బిగుసుకుపోతుంది. ఆమె ముందుగా ‘నాయనా’ అంటే ‘చెప్పమ్మా’ అనడంలో తప్పు లేదు. వరస మొదలుపెట్టేది వాళ్లయితే చాలు.

వార్డుబయట:
ఆసుపత్రి పని గురించి. ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరు లాంటి ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లోకి నేరుగా వెళ్లి చేస్తామంటే కుదరదు. సూపరింటెండెంట్ అనుమతి కావాలి, సాధారణంగా ఏదైనా సంస్థ ద్వారా వెళ్లడమే సులువు. మాత్రలు ఇవ్వడం మీ పని కాదు. బీడీలు, డబ్బులు అడుగుతారు, ఇవ్వకూడదు. ‘నన్నెప్పుడు పంపిస్తారు?’ అంటే ‘వచ్చేవారం’ అని నోటికొచ్చింది చెప్పకూడదు, వాళ్లు రోజులు లెక్కపెట్టుకుంటారు. ఫొటోలు అసలే వద్దు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం పేషెంటు అనుమతి లేకుండా ఫొటోగానీ వివరాలుగానీ మీడియాకి ఇవ్వడం నేరం. సేవా కార్యక్రమం అంటూ ఫేస్‌బుక్‌లో పెట్టేవాళ్లు దీన్ని గుర్తుంచుకుంటే బాగుండు.

మీ కళ్లు పనికొచ్చే చోటొకటి ఉంది. ఎవరికైనా మెడ ఒక పక్కకి లాక్కుపోవడం, నాలుక మడతపడటం, దవడ బిగుసుకోవడం కనిపిస్తే నటన అనుకోకండి. కొన్ని మందుల వల్ల అలా అవుతుంది. వెంటనే సిస్టరుకి చెప్పండి, ఇంజెక్షన్‌తో త్వరగా తగ్గుతుంది.

అకౌంట్స్ మనిషి కాబట్టి మీకు సరిగ్గా సరిపోయే పని వార్డు బయటే ఉంది. అదే వైకల్య ధ్రువపత్రం (జనం సదరం సర్టిఫికెట్ అంటారు) కోసం కుటుంబాలకు కాగితాలు సిద్ధం చేసిపెట్టడం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఉంది, చాలా సౌకర్యాలకు వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. లెక్కించే స్కేలు పేరు ఐడియాస్: సొంత పనులు చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట అర్థం చేసుకుని చెప్పడం, ఉద్యోగం లేదా ఇంటిపని, ఈ నాలుగింటితో పాటు జబ్బు ఎన్నేళ్లదో చూస్తారు. కుటుంబాలు ఎక్కడ దెబ్బతింటాయంటే, పాత చీటీలు పారేస్తారు. ఎన్నేళ్లదో రుజువు ఉండదు. శాతం లెక్కించే క్యాంపు రోజున తల్లి ‘మావాడు బాగానే ఉన్నాడండి, స్నానం చేస్తాడు’ అంటుంది, వెనక నుంచి రోజూ తనే చెప్పి చెప్పి చేయిస్తున్న సంగతి చెప్పదు. చీటీలు తేదీల వారీగా ఫైల్ చేసి, వారంలో ఏ పని ఎవరు చెబితే చేశాడో ఒక కాగితం మీద రాయించి పంపండి.

చింతచిగురు:
చాలా థాంక్సండి. ఒక్కటి మిగిలింది: ప్రయత్నించి బతికినవాళ్లు ‘పోలీసు కేసవుతుందా?’ అని అడిగితే?

గోదారిగట్టు:
పైన చెప్పిన 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ కూడా 2024 జులై 1న వచ్చిన కొత్త న్యాయసంహితలో లేదు. అధికారుల మెడలు వంచడానికి చేసే ఆత్మహత్యాయత్నానికి మాత్రం వేరే సెక్షన్ ఉంది. ఆసుపత్రిలో పోలీసులు వివరాలు రాసుకోవచ్చు, దానికి భయపడి వైద్యం మానొద్దని చెప్పండి. అంతకు మించి లోతుగా అడిగితే షిఫ్టు ఇన్‌చార్జిని అడిగి చెప్తానని అనండి, ఊహించి చెప్పకండి.