అధ్యాయం 2500 పదాలు దాటకూడదా? నవల నత్తనడక అంటున్నారు, ఏం చెయ్యాలి

చిత్తుప్రతి
అందరికీ నమస్తే. నా నవల మొదటి డ్రాఫ్ట్ అయిపోయింది, దాదాపు 60 వేల పదాలు, 22 అధ్యాయాలు. కథ క్లుప్తంగా ఇదీ: అన్న చనిపోయాక తమ్ముడు చాలా ఏళ్ళకి ఇంటికొస్తాడు, అన్న ఎవరికీ తెలీకుండా పెద్ద అప్పు చేశాడని బయటపడుతుంది, ఆ డబ్బు ఎటు పోయిందో తమ్ముడు వెతుక్కుంటూ పోవడమే నవల. నలుగురికి చదవమని ఇచ్చా. ఇద్దరు బాగుంది అన్నారు, అంతకుమించి ఏం చెప్పలేదు. ఒకాయన మూడో అధ్యాయం దగ్గర పక్కన పెట్టేశా, మళ్ళీ తియ్యాలనిపించలేదు అన్నారు. ఇంకొకరు మొదటి మూడూ తీసేసి నాలుగు నుంచి మొదలుపెట్టు అన్నారు. నెట్‌లో చూస్తే అన్నీ రూల్సే: అధ్యాయం 2500 పదాలు దాటొద్దు, ప్రతి అధ్యాయం చివర హుక్ (తర్వాతేంటి అని లాగేది) ఉండాలి, మొదటి పాతిక శాతంలో ఫ్లాష్‌బ్యాక్ రాకూడదు. నావి కొన్ని అధ్యాయాలు 4 వేలు దాటాయి. ఇవి నిజంగా పాటించాల్సినవేనా? రాసిన అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

రోజుకో_పేజీ
పాటించాల్సినవే అండి. నేను పాటించేవి చెప్తా, పనికొస్తే తీసుకోండి. అధ్యాయం 1800 నుంచి 2500 మధ్య, ఎందుకంటే చదివేవాడు ఒక్క కూర్చోడంలో ఒకటో రెండో పూర్తి చేసి ఆ కాస్త తృప్తితో లేవాలి. అధ్యాయం చివర ఏదో ఒక ప్రశ్న మిగలాలి, తలుపు చప్పుడే కానక్కర్లేదు, ఒక నిర్ణయం తీసుకుని దాని ఫలితం ఇంకా తేలకపోయినా చాలు. మొదటి పాతిక శాతం అయ్యేలోపు కథ వెనక్కి తిరగలేని మలుపు తీసుకోవాలి, మీకు 60 వేలంటే 15 వేల పదాల దగ్గర. అంతకు ముందు పాత జ్ఞాపకాలు పేరాకి మించి రాయొద్దు. డ్రాఫ్ట్ పూర్తయ్యేదాకా వెనక్కెళ్ళి దిద్దొద్దు, పూర్తయ్యాక కనీసం నెల రోజులు పక్కన పెట్టి అప్పుడు తియ్యండి. తీశాక పదింట ఒక వంతు కొట్టెయ్యండి, ఎక్కడ కొట్టాలో ఆ నెల గ్యాప్ మీకే చూపిస్తుంది.

తీరిగ్గా
ఈ 2500 ఎక్కడినుంచి వచ్చిందో ఎవరైనా చెప్తారా? ఇంగ్లీషు పుస్తకాల లెక్క తెచ్చి ఇక్కడ పెడుతున్నారు. వెళ్ళలేకపోయాడు అని మనం ఒక్క పదంలో తేల్చేసేదానికి వాళ్ళకి నాలుగైదు పదాలు కావాలి, అంటే మన 2500 పదాల్లో వాళ్ళ 2500 కంటే చాలా ఎక్కువ కథ పడుతుంది. ఆ సంగతి పక్కన పెట్టినా, అధ్యాయం పొడుగుకీ కథ వేగానికీ సంబంధం ఏంటి? ఆరొందల పదాల అధ్యాయం కూడా చదవలేక చచ్చేవి ఉన్నాయి, పదివేల పదాలది ఊపిరి బిగబట్టి చదివించేవీ ఉన్నాయి.

వేగం అంటే కథలో ఎంత కాలం గడిచింది, దానికి మనం పేజీలు ఎన్ని ఇచ్చాం, ఈ రెండింటి మధ్య ఉండే సంబంధం. జెరార్ జెనెట్ అనే ఫ్రెంచ్ విమర్శకుడు 1972లోనే దీన్ని నాలుగుగా విడదీసి చెప్పాడు. పదేళ్ళు గడిచాయని కూడా చెప్పకుండా దాటెయ్యడం ఒకటి, పదేళ్ళని రెండు వాక్యాల్లో చెప్పడం ఒకటి, మనుషులు మాట్లాడుకుంటుంటే జరిగేది జరిగినట్టే చూపించడం ఒకటి, కాలాన్ని ఆపేసి వర్ణనలోకో ఆలోచనలోకో వెళ్ళడం ఒకటి. నవల నత్తనడక అనిపిస్తే ఈ నాలుగింట్లో ఒకదాన్నే పట్టుకుని వేలాడుతున్నామా అని చూసుకోవాలి, అంతేగానీ పదాలు లెక్కపెట్టుకోకూడదు.

పాఠకుణ్ణి_మాత్రమే
నేను రాయను, చదువుతా. పది పేజీలయ్యేసరికి ఎవరి గురించి పట్టించుకోవాలో తెలీకపోతే మూసేస్తా. అధ్యాయం ఎంత పొడుగో ఏనాడూ చూడలేదు.

రోజుకో_పేజీ
తీరిగ్గా గారూ, తెలుగులో 2500 ఎక్కువైతే 2000 పెట్టుకోండి, నేనేం రాసి సంతకం పెట్టమనలేదు కదా. అంకె ఏదైనా ఒకటి ఉండాలి అంటున్నా. అంకె లేకపోతే ఎక్కడ ఆపాలో తెలీదు. ఇంగ్లీషు నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ వాచీ ఎదురుగా పెట్టుకుని పావుగంటకి 250 పదాల చొప్పున రాసేవాడు, ఆత్మకథలో ఆయనే చెప్పుకున్నాడు. పొద్దున్నే రాసేసి పోస్టల్ శాఖ ఉద్యోగానికి వెళ్ళేవాడు, అలా 40కి పైగా నవలలు రాశాడు. థియరీ చదివి ఎవరూ నవల పూర్తి చెయ్యలేదు.

రాత్రిరాత
30 రోజుల్లో 50 వేల పదాలు అని 1999లో అమెరికాలో మొదలైన పోటీ గుర్తుందా, రోజుకి 1667. నేను తెలుగులో ట్రై చేసి రెండో వారానికే చేతులెత్తేశా, ఆ 1667 మనకి నిజంగానే ఎక్కువ. తీరిగ్గా గారితో ఆ ఒక్క విషయం ఒప్పుకుంటా.

తీరిగ్గా
ట్రోలప్ పావుగంటకి ఎన్ని పదాలు రాశాడన్నది ఆయన చేతి వేగం. ఆయన కథ వేగం కాదు. ఫ్రెంచ్ రచయిత ఫ్లాబేర్ మేడమ్ బోవరీ అనే ఒక్క నవల మీద 1851 నుంచి 1856 దాకా కూర్చున్నాడు, అంతమాత్రాన ఆ నవల ఐదేళ్ళంత నెమ్మదిగా నడుస్తుందా? చిత్తుప్రతి గారు అడిగింది పాఠకుడు ఎందుకు ఆపేశాడని. మీరు చెప్తున్నది రాసేవాడు ఎలా ఆపకుండా రాయాలని. రెండూ కలిపేసి రూల్ అంటున్నారు.

ఇంక హుక్ సంగతి. నా మొదటి నవల ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది, పేరు చెప్పను. ప్రతి వారం చివర్లో ఏదో ఒకటి జరగాలని పట్టుబట్టారు. ఫోన్ మోగాలి, ఎవరో అరవాలి, ఉత్తరం రావాలి. ఒక వారం నేను అవేవీ పెట్టకుండా ఒకావిడ కిటికీ దగ్గర నిలబడి మనసు మార్చుకోవడంతో ఆపితే, నాకు చెప్పకుండా చివర్న రెండు వాక్యాలు వాళ్ళే కలిపి అచ్చేశారు, వెనకనుంచి ఎవరో ఆమె భుజమ్మీద చెయ్యేశారట. ఎవరా చెయ్యేసింది? నా కథలో అలాంటివాడే లేడు. తర్వాతి వారం ఆ చెయ్యి ఎవరిదో నేను కనిపెట్టాల్సొచ్చింది, అక్కణ్ణుంచి కథ నా చేతిలోంచి జారిపోయింది. ప్రతి అధ్యాయానికీ హుక్ అని ఎవరైనా అంటే నాకు ఆ చెయ్యే గుర్తొస్తుంది.

ఎర్రసిరా
నేను ఎడిటింగ్ చేస్తా. చిత్తుప్రతి గారూ, మూడు నుంచి ఆరు అధ్యాయాల్లో ఒక్కో దానికి ఒక్కో లైను రాసి ఇక్కడ పెట్టండి. సారాంశం వద్దు. ఆ అధ్యాయం మొదట్లో తమ్ముడికి ఏం కావాలి, చివరికి అతని పరిస్థితిలో ఏం మారింది, ఈ రెండే. అది చూడకుండా ఎవరేం చెప్పినా గాల్లో మాటే.

చిత్తుప్రతి
ఎర్రసిరా గారూ థాంక్స్. రాస్తుంటేనే ఏదో అర్థమవుతోంది.
మూడు: తమ్ముడు అన్న గదిలో సామాన్లు సర్దుతుంటాడు, చిన్నప్పటి సంగతులు గుర్తొస్తాయి. ఏం మారలేదు.
నాలుగు: చుట్టాలు వస్తారు, వదినకీ తమ్ముడికీ మాటా మాటా వస్తుంది. అక్కడ ఉండను, రెండ్రోజుల్లో వెళ్ళిపోతా అనుకుంటాడు.
ఐదు: అన్న తమ్ముణ్ణి చదివించడానికి తను చదువు మానేసిన సంగతి, ఇది మొత్తం గతం. 4300 పదాలు.
ఆరు: బీరువాలో అప్పు కాగితాలు దొరుకుతాయి. ఉండిపోవాలని నిర్ణయం.

రోజుకో_పేజీ
ఇదిగో, నేను చెప్పిందే కదా. మూడూ ఐదూ పాత జ్ఞాపకాలు, అసలు కథ ఆరులో మొదలైంది. మూడు తీసెయ్యండి, ఐదుని ఐదొందల పదాలు చేసి ఆరులో కలపండి. అయిపోయింది. రూల్ పాటించి ఉంటే ఈ సమస్యే వచ్చేది కాదు.

తీరిగ్గా
తీసెయ్యొద్దు అండి, దయచేసి. ఐదో అధ్యాయమే మీ నవల. తమ్ముడి కోసం చదువు మానేసినవాడు తర్వాత ఎవరికోసం అప్పు చేశాడన్నదే కదా కథంతా. దాన్ని ఐదొందల పదాలకి కుదిస్తే మిగిలేది అప్పు కాగితాల డిటెక్టివ్ కథ.

రోజుకో_పేజీ
నాదో ప్రశ్న. తీరిగ్గా గారు ఆ సీరియల్ తర్వాత ఇంకో నవల పూర్తి చేశారా? ఇక్కడ మూడేళ్ళుగా చూస్తున్నా, ప్రతివాళ్ళకీ తొందరపడకు, తీసెయ్యకు అనడమే. తొందరపడకు అని చెప్పడం చాలా తేలిక.

తీరిగ్గా
తమరికి నా లెక్క అప్పజెప్పాల్సిన పని నాకు లేదు. మీ పద్ధతిలో రాసిన ఐదు నవలలు వరసగా పెట్టి కవర్లు చింపేస్తే ఏది ఏదో మీరే చెప్పలేరు.

పాఠకుణ్ణి_మాత్రమే
ఇది అనవసరం.

నిర్వాహకులు
వ్యక్తుల మీదకి వెళ్ళొద్దు. ఇంకోసారైతే టాపిక్ లాక్ చేస్తాం.

రోజుకో_పేజీ
సరే, నేను అడిగిన తీరు కటువుగా ఉంది, కానీ ఎందుకడిగానో చెప్తా. నేను రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఒక రచయితల బృందంలో ఉండేవాణ్ణి. నెలకోసారి కలిసి ఒకరి మొదటి అధ్యాయం అందరం చదివి, ఇక్కడ లోతు లేదు, ఇది ఇంకా పండాలి, తొందరేముంది అనుకునేవాళ్ళం. ఏళ్ళ తరబడి ఒక్కరూ రెండో అధ్యాయం దాటలేదు. అందులో ఒకావిడ మా అందరికంటే బాగా రాసేది, ఇది నిజం, పొగడ్త కాదు. ఆవిడ మొదటి అధ్యాయాన్ని మళ్ళీ మళ్ళీ రాసి రాసి చివరికి రాయడమే మానేసింది. ఆ నవల ఇంక ఎవరూ చదవరు, ఎందుకంటే అది లేదు. నేను బయటికొచ్చి, రోజుకి ఇన్ని పదాలు, అధ్యాయం ఇంత, చివర ఇది అని గీతలు గీసుకున్నాకే చివరి పేజీ చూశా. మీకు 2500 అనేది బేడీలా కనిపిస్తోంది. నాకు మాత్రం అది పట్టుకోడానికి దొరికిన గోడ.

తీరిగ్గా
ఈ మాట మొదటే చెప్పుంటే ఇంత గొడవ ఉండేది కాదు. రాసేవాడు చివరిదాకా వెళ్ళడానికి రూల్ పెట్టుకుంటే నాకే అభ్యంతరమూ లేదు, వాచీ పెట్టుకోండి, గంట కొట్టుకోండి. కానీ చిత్తుప్రతి గారు చివరిదాకా వెళ్ళొచ్చారు, డ్రాఫ్ట్ ఆయన చేతిలో ఉంది. ఇప్పుడాయనకి ఆ గోడతో పని లేదు. ఇప్పుడు కూడా అవే అంకెలు చేతికిస్తే, పాఠకుడు ఏ క్షణాన్నైనా పారిపోతాడన్న భయంతో దిద్దడం మొదలుపెడతారు. నాకు మంట అక్కడ. ఆ పత్రికవాళ్ళు పాఠకుణ్ణి అలాగే చూశారు, చొక్కా పట్టుకుని ఆపాల్సినవాడిలాగా.

రోజుకో_పేజీ
పాఠకుడు పారిపోతాడు అండి. మూడో అధ్యాయంలో నిజంగానే పారిపోయాడు, మొదటి పోస్టులోనే ఉంది. మన పుస్తకం చివరిదాకా చదవాలని ఎవరికీ బాకీ లేదు. వాళ్ళ సాయంత్రం మనకిస్తున్నారు, ఆ సంగతి ప్రతి పేజీలో గుర్తుండాలని నేనంటా.

తీరిగ్గా
నేనేమో ఉండిపోయేవాడి కోసం రాస్తానంటా. వెళ్ళేవాణ్ణి ఆపడానికి రాసిన ప్రతి వాక్యం ఉండేవాడికి అడ్డమే. ఇక్కడ మనిద్దరికీ కుదరదు, వదిలేద్దాం.

ఎర్రసిరా
ఇద్దరూ తీసెయ్యాలా ఉంచాలా అని కొట్టుకుంటున్నారు, జరపొచ్చన్న మాట ఒక్కరూ అనలేదు.

చిత్తుప్రతి గారూ, అప్పు కాగితాలు దొరికే సన్నివేశాన్ని ఆరు నుంచి తీసి రెండో అధ్యాయం చివరికి తెండి. మొత్తం వద్దు, ఒక్క కాగితం చాలు, అన్న సంతకం, పెద్ద మొత్తం, ఎందుకో రాసి ఉండదు. తమ్ముడు దాన్ని జేబులో పెట్టుకుని ఎవరికీ చెప్పడు. ఇప్పుడు మూడో అధ్యాయంలో అతను గది సర్దుతున్నాడంటే, ఊరికే సర్దట్లేదు, వెతుకుతున్నాడు. చిన్నప్పటి వస్తువు ఏది దొరికినా పాఠకుడు అనుమానంగా చూస్తాడు. నాలుగులో వదినతో గొడవ పడుతుంటే జేబులో ఆ కాగితం ఉందని మనకి తెలుసు, ఆవిడకి తెలుసో లేదో మనకి తెలీదు. ఐదు చూడండి, అన్న చదువు మానేసిన సంగతి ఇప్పుడు గతం కింద చదవరు, ఆధారం కింద చదువుతారు. దాదాపు అవే వాక్యాలతో నడక మారిపోతుంది. ఫ్లాష్‌బ్యాక్ విసుగు పుట్టించేది అది గతం అయినందుకు కాదు, పాఠకుడు ఇంకా అడగని ప్రశ్నకి ముందే జవాబు చెప్పినందుకు.

ఇంకోటి, మూడో అధ్యాయంలో ఎన్ని వస్తువులు, ఎన్ని జ్ఞాపకాలు ఉన్నాయో లెక్కపెట్టండి. ఒకే పని చేసే జ్ఞాపకాలు రెండుంటే బలమైనది ఉంచి రెండోది తీసెయ్యండి. పదింట ఒక వంతు అని ముందే అనుకోవద్దు, కొన్ని అధ్యాయాల్లో సగం పోతుంది, కొన్నింట్లో ఒక్క మాటా పోదు.

రాత్రిరాత
గతం కాదు ఆధారం. ఇది నా నవలకి కూడా పట్టుకెళ్తున్నా.

చిత్తుప్రతి
రెండు రోజులు కూర్చుని కాగితం రెండులోకి తెచ్చా. మూడో అధ్యాయంలో జ్ఞాపకాలు ఏడున్నాయి, నాలుగు పోయాయి, ఒకటి ఐదులోకి వెళ్ళింది. నాలుగులో వదినతో గొడవ మళ్ళీ రాయాల్సొచ్చింది, ఎందుకంటే తమ్ముడు ఇప్పుడు ఏదో దాస్తున్నవాడిలా మాట్లాడాలి. అది రాయడం నాకు మొదటి డ్రాఫ్ట్ కంటే కష్టమైంది, కానీ ఆ సీన్ మొదటిసారి బతికినట్టుంది. మూడులో ఆపేసిన ఆయనకే మళ్ళీ పంపా, ఇంకా చెప్పలేదు. మిగిలిన సమస్య ఐదు. జ్ఞాపకం ఇంకోటి చేరాక 4600 అయ్యింది. విరవనా?

రోజుకో_పేజీ
విరవండి. అన్న స్కూల్ మానేసి పనికి వెళ్ళిన రోజు దగ్గర ఆపి, ఆ తర్వాతది ఆరుగా పెట్టండి. చదివేవాడికి ఊపిరి తీసుకునే చోటు దొరుకుతుంది.

తీరిగ్గా
ఆ రోజు దగ్గర ఆపితే అది త్యాగం అని మీరే చప్పట్లు కొట్టినట్టవుతుంది. విరవాలనే ఉంటే తమ్ముడికి ఆ సంగతి తెలిసీ తెలీనట్టు ఊరుకున్న చోట విరవండి. నన్నడిగితే మాత్రం విరవొద్దు, మధ్యలో ఒక ఖాళీ లైను వదిలి వర్తమానంలోకి రెండు వాక్యాలు రండి, జేబులో కాగితం ఒకసారి తడుముకోనివ్వండి, మళ్ళీ వెనక్కి వెళ్ళండి.

ఎర్రసిరా
రెండూ రాసి చూడండి. పైకి చదవండి, ఎక్కడ గొంతు దానంతటదే ఆగుతుందో గుర్తు పెట్టుకోండి. ఆయన దగ్గర్నుంచి జవాబొచ్చాక ఎక్కడిదాకా చదివారో పేజీ నంబరుతో సహా అడగండి, బాగుందా లేదా అని మాత్రం అడగొద్దు.