నిందితుడు పక్క రాష్ట్రం జైల్లో ఉంటే జామీనుదారు సొమ్ము జప్తు చేయడం న్యాయమేనా?

చెరువుగట్టు: 2019లో మా నాన్నగారు పొరుగింటి కుర్రవాడికి జామీను ఉన్నారు. 20,000 రూపాయల బాండు. పొలం పాసుపుస్తకం చూపించి సంతకం చేశారు. కుర్రవాడు రెండు వాయిదాలకు వచ్చి మాయమయ్యాడు. తీరా చూస్తే కర్ణాటకలో మరో దొంగతనం కేసులో జైల్లో ఉన్నాడు. ఇక్కడి కోర్టు బాండు జప్తు చేసి నాన్నగారికి నోటీసు పంపింది. ప్రభుత్వమే తాళం వేసి ఉంచిన మనిషిని ఆయన ఎక్కడి నుంచి తేగలరు?

పాతబంట్రోతు: నేను కోర్టులో చాలా ఏళ్లు పనిచేశాను. జప్తు అన్నంత మాత్రాన ఆ క్షణమే డబ్బు కట్టాలని కాదు. షరతు తప్పారని కోర్టు కారణాలతో నమోదు చేస్తుంది. ఆ తర్వాత ఎందుకు కట్టకూడదో చెప్పమని జామీనుదారును అడగాలి. ఆ అవకాశం ఇవ్వకుండా వసూలు చేయరాదని 1960లోనే గులాం మెహదీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొంత సొమ్ము మాఫీ చేసే అధికారమూ కోర్టుకు ఉంది. అప్పట్లో అది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 446వ సెక్షన్, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 491. మీ నాన్నగారు నోటీసుకు జవాబిచ్చారా?

చెరువుగట్టు: ఇచ్చారు. ఏ జైల్లో ఉన్నాడో కూడా చెప్పారు. 5,000 తగ్గించి 15,000 కట్టించుకున్నారు.

వెన్నెలవాగు: పీటీ వారెంటు, అంటే వేరే జైల్లో ఉన్నవాణ్ణి తెమ్మనే కోర్టు ఉత్తర్వు, దాని మీద రప్పించవచ్చు కదా?

పాతబంట్రోతు: రప్పించవచ్చు. మన దగ్గర వారెంటు దేశమంతటా చెల్లుతుంది. అమెరికాలో అలా కాదు, పారిపోయినవాణ్ణి అప్పగించమని ఒక రాష్ట్ర గవర్నరు మరో రాష్ట్ర గవర్నరును కోరాలి. టేలర్, టెయింటర్ కేసు (1872) అచ్చం మీ నాన్నగారి కథే. కనెక్టికట్‌లో 8,000 డాలర్ల జామీనుపై విడుదలైనవాడు న్యూయార్క్ వెళ్లాడు. అక్కడి గవర్నరు అతణ్ణి మెయిన్ రాష్ట్రానికి అప్పగించాడు. అయినా జామీనుదారులు సొమ్ము కట్టవలసిందేనని అక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అతణ్ణి రాష్ట్రం దాటనిచ్చింది వాళ్లే కదా అంది.

చెరువుగట్టు: అక్కడ జామీను ఒక వ్యాపారం, రుసుము తీసుకుని చేస్తారు. పారిపోయినవాణ్ణి తామే పట్టి తెచ్చుకునే హక్కు ఉందని ఆ తీర్పే చెప్పింది. మా నాన్నగారికి ఆ హక్కూ లేదు, పైసా ముట్టనూ లేదు. పోలికే తప్పు.

పాతబంట్రోతు: పట్టి తేనక్కరలేదు. ఇక నా వల్ల కాదు, నన్ను తప్పించండి అని మేజిస్ట్రేటుకు ఒక్క దరఖాస్తు పెడితే కోర్టే వారెంటు ఇస్తుంది. కుర్రవాడు ఊరు దాటిన సంగతి మీ నాన్నగారికి ఎప్పుడు తెలిసింది?

చెరువుగట్టు: దానికీ దీనికీ సంబంధం లేదు. అతను జైల్లో ఉన్నాడు.

పాతబంట్రోతు: ఉంది. ఎప్పుడు తెలిసింది?

తాటివనం: మోతీరాం కేసు ఎవరూ ఎత్తలేదు. 1978లో ఒక పేద తాపీ మేస్త్రీకి 10,000 జామీను అడిగారు. సోదరుడు ముందుకు వస్తే ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ మండిపడ్డారు. ఎక్కడో బస్తర్‌లో అరెస్టయిన తెలుగువాడు అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారును ఎలా తెస్తాడని అడిగారు. అసలు తప్పు ఆస్తి చూసి మనిషిని వదిలే ఈ పద్ధతిది.

పాతబంట్రోతు: అది వేరే చర్చ. నా ప్రశ్నకు జవాబు రాలేదు.

చెరువుగట్టు: మూడు నెలల ముందే తెలిసింది. చాలా? వాడి తల్లి మా గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. కోర్టుకు వెళ్లి ఆమె కొడుకును పట్టించమంటారా? నలభై ఏళ్లుగా గోడకు గోడ ఆనుకుని ఉన్న ఇళ్లండీ మావి! మీకు కాగితం తప్ప మనిషి కనబడడు.

పాతబంట్రోతు: నాకు కనబడే మనిషి మా అక్క. ఆమె ఇల్లు కట్టుకోవడానికి దాచిన డబ్బు కాజేసినవాడు బెయిలుపై వచ్చి తొమ్మిదేళ్లుగా పరారీలో ఉన్నాడు. అతనికి జామీను ఉన్నవాడు తన ఒకే పాసుపుస్తకం నాలుగు కేసుల్లో పెట్టాడు. తెలియదు, చూడలేదు అంటే కోర్టు వదిలేసింది. మీ నాన్నగారు దాచింది జాలితో, అతను దాచింది డబ్బుకు. మా అక్కకు ఆ తేడా ఏం మిగిల్చింది?

చెరువుగట్టు: మీ అక్కగారికి జరిగింది ఘోరం. కానీ ఆ శిక్ష మా నాన్నగారికి వేస్తారా? జామీను ఉన్నవాడు పోలీసు కళ్లుగా మారాలంటే ఇక పల్లెలో ఎవరూ సంతకం పెట్టరు. జైళ్లలో మగ్గేది పేదవాళ్లే.

పాతబంట్రోతు: సంతకం కోర్టుకు పెట్టారు, పొరుగింటికి కాదు.

వెన్నెలవాగు: మేజిస్ట్రేటు ఉత్తర్వుపై సెషన్స్ కోర్టుకు అప్పీలు ఉంది. వేశారా?

చెరువుగట్టు: నాన్నగారు వద్దన్నారు. మొన్న మా తమ్ముడి స్నేహితుడికి జామీను కావాలని వస్తే మా ఇంట్లో ఎవరూ లేచి నిలబడలేదు.

పాతబంట్రోతు: నాలుగు కేసుల పాసుపుస్తకం గురించి మీరు ఇంకా ఏమీ చెప్పలేదు.