అప్‌డేట్: ఆపేసిన డేటాబేస్ మళ్లీ ఎందుకు మొదలవుతోందో తెలిసింది

పోయిన వారం అడిగాను కదా, మధురవాడలో మా ఆఫీసు టెస్టింగ్ డేటాబేస్‌ని అమెజాన్ ఆర్‌డీఎస్‌లో (అమెజాన్ క్లౌడ్‌లో డేటాబేస్‌లు నడిపే సేవ) ఆపేసినా బిల్లు ఎందుకు పెరుగుతోందని. మీరు చెప్పిందే నిజం. ఆపిన ఇన్‌స్టాన్స్ (అంటే అక్కడ నడిచే మన డేటాబేస్ సర్వర్) 7 రోజులకు దానంతటదే మళ్లీ మొదలవుతుందట. డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగానే ఉంది, మేమే చూసుకోలేదు.

ఇప్పుడు ఈవెంట్‌బ్రిడ్జ్ షెడ్యూలర్‌తో (పెట్టిన టైమ్‌కి పనులు నడిపించే అమెజాన్ సేవ) రాత్రి 9కి ఆగేలా, ఉదయం 9కి మొదలయ్యేలా పెట్టాను. దీనికోసం లాంబ్డా (మన చిన్న చిన్న ప్రోగ్రాములు నడిపే అమెజాన్ సేవ) కోడ్ రాయాల్సిన అవసరమే పడలేదు. మొదటిరోజు టైమ్‌జోన్ యూటీసీలో (మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) వదిలేశాను. 9 దాటినా డేటాబేస్ లేవలేదు, టీమంతా టెన్షన్! మన లెక్కలో అది మధ్యాహ్నం 2:30కి మొదలవుతుంది మరి. ఆసియా/కోల్‌కతా అని మార్చాక సరిపోయింది.

ఆగి ఉన్నా స్టోరేజీకి మాత్రం డబ్బు పడుతూనే ఉంటుంది, అది గుర్తుంచుకోండి. ఓపిగ్గా వివరించిన అందరికీ చాలా థాంక్స్ అండీ.