ఇంటర్వ్యూ మధ్యలోంచి వెళ్లిపోవడం తప్పా?

వానచినుకు:
రెండో రౌండ్ అయ్యాక మూడు వారాలు ఉలుకూ పలుకూ లేదు. ఆ తర్వాత ఉన్నట్టుండి "రేపు పదకొండింటికి ఫైనల్" అని మెయిల్. ముప్పావు గంట ఆలస్యంగా వీడియో కాల్‌లోకి వచ్చినాయన "మీరు ఏ పోస్టుకి?" అంటూ మొదలుపెట్టారు. నేను జవాబు చెబుతుంటే కీబోర్డు టకటకలు. ఆయన కళ్లద్దాల్లో చాట్ విండో పైకీ కిందికీ జరుగుతూ కనిపిస్తోంది. తర్వాత "పెళ్లయిందా? పిల్లల ప్లాన్ ఉందా?" అన్నారు. ఈ పనికీ దానికీ సంబంధం ఏమిటండీ అని అడిగితే, "ఇంత సెన్సిటివ్ అయితే మా టీమ్‌లో కష్టం" అన్నారు. థాంక్స్ చెప్పి కాల్ కట్ చేశాను. ఇంట్లోవాళ్లు మాత్రం కాస్త ఓర్చుకోవాల్సింది అంటున్నారు. మీరేమంటారు?

పాతకాపు:
నేను ఇంటర్వ్యూలు చేసేవైపు ఉన్నవాణ్ణి. ఆ పెళ్లి ప్రశ్న ముమ్మాటికీ తప్పు. అయినా మీరు చివరిదాకా ఉండాల్సిందనే అంటాను. చాలాచోట్ల ఏదో మీటింగులో ఉన్నవాణ్ణి లాక్కొచ్చి "ఒకరిని చూడు" అంటారు. ట్రైనింగ్ ఉండదు, రెజ్యూమె చదివే టైమూ ఉండదు. రేపు మీ మేనేజర్ ఆయనే అవుతారని కూడా లేదు. పూర్తిచేసి అదే రోజు హెచ్‌ఆర్‌కి ఫిర్యాదు చేస్తే మీ మాటకు బలం ఉంటుంది. ఇప్పుడు వాళ్ల రికార్డులో "మధ్యలో వెళ్లిపోయింది" అన్న ఒక్క ముక్కే మిగులుతుంది.

గళ్లనోటు:
ట్రైనింగ్ లేకపోవడమే అసలు రోగం అండీ, దాన్ని సాకుగా చెబితే ఎలా? అందరికీ అవే ప్రశ్నలు, అదే కొలమానం పెట్టి చేసే ఇంటర్వ్యూ, నోటికొచ్చింది అడిగేదానికంటే పనిమంతుల్ని బాగా గుర్తిస్తుందని 85 ఏళ్ల పరిశోధనలు కూడగట్టి ష్మిట్, హంటర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1998లోనే చూపించారు. 2022లో సాకెట్ అనే మరో పరిశోధకుడి బృందం ఆ అంకెల్ని సవరించినా ఈ మాట మారలేదు. అంటే పద్ధతి లేకుండా అడిగితే నష్టపోయేది కంపెనీ కూడా.

ఇక ఆ మూడు వారాల మౌనం. మర్యాదకు వదిలేస్తే జరగదని కెనడాలోని ఒంటారియోలో చట్టమే పెట్టారు. 25 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థ ఒక పోస్టుకు ప్రకటన ఇచ్చి ఇంటర్వ్యూ చేస్తే, 45 రోజుల్లోగా నిర్ణయం తీసుకున్నారో లేదో అభ్యర్థికి చెప్పి తీరాలి. 2026 జనవరి 1 నుంచి అమలు.

పాతకాపు:
చట్టం మంచిదే, కాదనను. నా బాధ వేరు. ఈఎంఐ నెత్తిమీద ఉండి, చేతిలో ఇంకో ఆఫర్ లేనివాళ్లు ఇది చదివి రేపు కాల్ కట్ చేస్తే, ఆ నెల వాళ్లకు ఎలా గడుస్తుంది? ఆత్మగౌరవం గురించి మనం సులువుగా రాసేస్తాం, మూల్యం కట్టేది వాళ్లు.

వానచినుకు:
నా చేతిలోనూ ఇంకో ఆఫర్ లేదండీ. అందరూ నాలాగే చేయాలని అనను, ఇల్లు గడవాలి కాబట్టి ఓర్చుకున్నవాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఉద్యోగం ఇవ్వకముందే అలా మాట్లాడిన మనిషి, ఇచ్చాక సెలవు అడిగితే ఏమంటారో ఊహించగలను.

మీరు చెప్పాక హెచ్‌ఆర్‌కి మెయిల్ పంపాను. ఆలస్యం గురించి రాయలేదు, అది ఎవరికైనా జరుగుతుంది. ఆయన అడిగిన ప్రశ్నలూ, సెన్సిటివ్ అన్న మాటా ఉన్నవి ఉన్నట్టు రాశాను. వేరేవాళ్లతో మళ్లీ ఇంటర్వ్యూ పెడతామంటే వెళ్తాను. ఆయన కిందే పని అయితే మాత్రం ఆఫర్ ఇచ్చినా తీసుకోను.